విజయనగరం సంగీత కళాశాలలో తంత్రీవాద్యాలు

విజయనగరం లోని మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆంధ్ర దేశంలో వయొలిన్, వీణ వాద్యాలకు ప్రసిద్ధి చెందిన విద్యాసంస్థ. కచేరీలు చేసే విద్వాంసులే ఇక్కడ అధ్యాపకులుగా పనిచేయడం వలన గురువులు, విద్యార్థులు, వృత్తి కళాకారులు ఒకే చోట కలిసి సంగీత సాధన చేసే అవకాశం ఏర్పడింది.

== స్థాపన ==
ఈ కళాశాలను పూసపాటి విజయరామ గజపతిరాజు 1919 ఫిబ్రవరి 5న ప్రారంభించాడు. తన ఉద్యోగి చాగంటి జోగారావు కుమారుడు అంధుడు కావడంతో, అతనికి సంగీతం నేర్పించాలనే ఆలోచన నుండి ఈ సంస్థ పుట్టిందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. అంతవరకు గురువు ఇంట ఉండి, శుశ్రూష చేస్తూ నేర్చుకోవలసిన విద్య దీనితో తరగతి గదిలోకి వచ్చింది.

== వయొలిన్ ==
ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) ఇక్కడ విద్యార్థిగా చేరడానికి వచ్చాడు. ఆయన వాద్యం విన్న నారాయణదాసు ఆయనను వయొలిన్ అధ్యాపకునిగానే నియమించాడు. కంటిచూపు తక్కువైనా నాయుడు గొప్ప సాధకుడు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యాడు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ నుండి సంగీత కళానిధి బిరుదును, 1957లో పద్మశ్రీ పురస్కారాన్ని పొందాడు.

ఆ కాలంలో కర్ణాటక కచేరీలలో వయొలిన్ ప్రధానంగా గాత్రానికి పక్కవాద్యం. గాయకుని వెంట నడవడమే దాని పని అనే భావన బలంగా ఉండేది. నాయుడు ప్రత్యేక వయొలిన్ కచేరీలు చేసి, ఈ వాద్యం ఒంటరిగా కూడా సభను రంజింపజేయగలదని నిరూపించాడు. ఆయన తరువాత ద్వారం నరసింగరావు, ద్వారం భావనారాయణరావు మొదలైన కుటుంబ సభ్యులు ఇక్కడ బోధన కొనసాగించారు.

== వీణ ==
వీణ బోధనలో వాసా వంశీయులు ప్రముఖులు. వీణకు మొత్తం ఏడు తంత్రులు ఉంటాయి. వీటిలో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. మెట్లు 24. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనస చెక్కతో తయారయ్యే వీణలు ప్రసిద్ధమైనవి.

== బృంద సాధన ==
కర్ణాటక సంగీతంలో బృందమంతా ఒకే స్వర గతిని వాయిస్తుంది. పాశ్చాత్య వాద్యబృందంలో వలె వేర్వేరు స్వరాలను ఒకేసారి కలిపే పద్ధతి ఇందులో లేదు. అందువలన శ్రుతిలో గాని, గమకంలో గాని ఒకరు తప్పినా వెంటనే తెలిసిపోతుంది. వయొలిన్ తంత్రులను పాశ్చాత్య పద్ధతిలో కాక షడ్జమ, పంచమాలకు శ్రుతి చేస్తారు. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అనే క్రమంలో పాఠం సాగుతుంది. అందరూ కలిసి వాయించే ఈ తొలి పాఠాలలోనే విద్యార్థి ఇతరుల వాద్యాన్ని వినడం అలవాటు చేసుకుంటాడు. మనోధర్మం మాత్రం ఎవరికి వారు సాధించవలసినదే.

== ప్రభావం ==
ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల ఈ కళాశాలలో చదివినవారే. పేదరికంలో ఉన్న ఘంటసాల ఈ పట్టణంలో మధూకరం చేసుకుంటూ, అధ్యాపకుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆదరణతో విద్య పూర్తి చేశాడు. కులవృత్తిగానో, గురుకుటుంబ సంబంధంతోనో మాత్రమే దొరికే సంగీత విద్య ఇటువంటి విద్యార్థులకు కూడా అందడం ఈ కళాశాల సాధించిన ముఖ్యమైన ఫలితం. 2019తో ఈ సంస్థకు నూరేళ్ళు నిండాయి.