ఇత్తడి బిందె చెప్పిన సంగతి

వేలూరు జిల్లాలోని మా గుడియాత్తంలో కొళాయికి నీళ్లు వదిలే రోజున అవ్వ కోడి కూయకముందే లేచేది. గొట్టంలో ముందు గాలి బుసకొట్టేది. వెనకాలే ఎర్రటి నీళ్లు దగ్గుతూ వచ్చేవి. వాటిని పారబోసి, కొళాయి మూతికి పాత పంచె గుడ్డ కట్టి, చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే పెట్టేది. మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు గనుక తపేలాలూ చెంబులూ కూడా నిండాల్సిందే. ప్లాస్టిక్ బిందెలు వచ్చాక ఆ ఇత్తడివి అటకెక్కాయి.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)కి నూట పాతికేళ్లు నిండిన వేళ నాకు ముందు గుర్తొచ్చింది ఆ బిందెలే.

1900లో ఐడా స్కడర్ వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1902కి 40 పడకల ఆస్పత్రి, 1918కి ఆడపిల్లలకు వైద్య పాఠశాల వచ్చాయి. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకు ఇది రాయవేలూరు ఆస్పత్రి, రైలెక్కి చేరాల్సిన చోటు. మా గుడియాత్తం వాళ్లకు మాత్రం ఆస్పత్రే ఎదురొచ్చింది. మొదట ఎద్దుబండిలో, 1909లో ప్యూజో కారు వచ్చాక అందులో, ఆమె మా దారి వెంట చెట్ల కింద ఆగి పుళ్లు కడిగి, మందులిచ్చి వెళ్లేవారు. దారిపక్క వైద్యానికి ‘రోడ్‌సైడ్’ అన్న పేరు అలా పుట్టిందే. ఆ దారిలోనే కె.వి.కుప్పంలో 1977లో సీఎంసీ గ్రామీణ ఆరోగ్య కేంద్రం రూసా వెలిసింది. వేలూరు శివారు బాగాయంలో, సీఎంసీ కాలేజీ ఆవరణలోని కమ్యూనిటీ హెల్త్ విభాగం ఇవాళ్టికీ ఇళ్ల గడపల దాకా వెళుతోంది.

గడప దాటి లోపలికి వెళ్లినప్పుడు వాళ్లకు కనిపించింది బిందె. అప్పటి సీఎంసీ శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ బృందం వేలూరులో ఇళ్లలో నిలవపెట్టిన నీళ్లను పరీక్షించి 2004లో ప్రచురించిన వివరాలు నన్ను ఇప్పటికీ వదలవు. కొళాయి నీళ్లలోనే మలిన క్రిములున్నాయి. ఇంట్లో పట్టి ఉంచిన రోజుల్లో మూడింట రెండు వంతుల ఇళ్లలో అవి ఇంకా పెరిగాయి. ఇత్తడి బిందెల్లో మాత్రం తక్కువ. అవ్వ చేసింది చాదస్తం కాదని తేల్చింది ఆ ఆస్పత్రి ప్రయోగశాలే.

అయితే బిందె మారిస్తే తీరే జబ్బు కాదిది. నీళ్లు ఆపినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగుకాలవ ఉంటే, అతుకుల దగ్గరి పగుళ్లలోంచి ఆ మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చే ఎర్రనీళ్లతో అదీ ఇంటికొస్తుంది. గొట్టం రాత్రీ పగలూ నిండుగా ఉంటే నీళ్లు బయటికి కారతాయేగాని మురుగు లోపలికి రాదు. కారిన చోటు కనిపిస్తుంది, బాగుచేయవచ్చు. ఇరవైనాలుగు గంటలూ ఇస్తే నీళ్లు చాలవన్నది మనందరి భయం. కానీ కొత్తనీళ్లు రాగానే నిన్నటివి పారబోసేది కూడా మనమే.

పక్క రాష్ట్రంలోని హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు 2008 నాటికి ఇలా నిరంతర సరఫరా అందించారు. అక్కడ కొళాయి నీళ్ల నమూనాల్లో ఇ.కోలి (E. coli) క్రిమి 0.7 శాతంలోనే కనిపించింది. ఆగి ఆగి వచ్చే వార్డుల్లో 31.7 శాతం. పిల్లల విరేచనాలు మొత్తంగా తగ్గలేదన్న సంగతీ దాచకూడదు. టైఫాయిడ్ మాత్రం గణనీయంగా తగ్గింది.

టైఫాయిడ్ అంటే వేలూరుకు పరాయి మాట కాదు. 2023లో వెలువడిన అధ్యయనంలో ఏటా లక్ష మంది పిల్లలకు 1,173 కేసులు లెక్కకొచ్చింది మన ఊళ్లోనే. ఢిల్లీ, కోల్‌కతాల కన్నా ఎక్కువ.

ఒకప్పుడు వేలూరుకు తాగునీరిచ్చిన ఓటేరి చెరువు బాగాయం పక్కనే ఉంది. పాలారు ఇసుకలోంచి తోడుకున్నాం. తోళ్ల పరిశ్రమలు ఆ నీటిని పాడుచేశాయని సుప్రీంకోర్టు దాకా వెళ్లాం, 1996లో తీర్పు వచ్చింది. ఇప్పుడు కావేరి నీళ్లు కూడా మనదాకా వస్తున్నాయి. ఎక్కడినుంచి తెచ్చామన్న దానిమీద ఇంత పోరాడాం. ఇంటికి ఎలా చేరుస్తున్నామన్న దానిమీద మాత్రం శ్రద్ధ పెట్టలేదు. నా దృష్టిలో మనం చేసిన పెద్ద పొరపాటు అదే.

వార్డుల్లో పడుకోబెట్టిన పిల్లల జ్వరాలకు కారణమేమిటో సీఎంసీకి ఇంకెవరికన్నా బాగా తెలుసు. వేలూరు కార్పొరేషన్‌కు నీటి గొట్టాలు తెలుసు. ఇద్దరూ కూర్చుని, బాగాయం దగ్గర ఒక్క ట్యాంకు కింద వచ్చే వీధులు తీసుకుని, అక్కడ ఏడాదిపాటు నీళ్లు ఆపకుండా ఇచ్చి, పిల్లల జ్వరాలు లెక్కపెట్టండి. ఇది చదివే పెద్దలకు నా విన్నపం ఇదొక్కటే.