పబ్బానికి ‘కొను’ తగిలిన కథ

“మస్తు మతలబీగాడన్నా వాడు. పని ఉంటెనే ఫోన్ జేస్తడు.”

“గంతే కదనే. పబ్బం గడుపుకునుడు, పక్కకు జరుగుడు.”

ఖైరతాబాద్‌లో ఒక చాయ్ దుకాణం. తిట్లు తింటున్న ఆ కనిపించని మూడోమనిషి సంగతి నాకెందుకు గానీ, ‘మతలబీ’, ‘పబ్బం’ అన్న ఆ రెండు మాటలూ నన్ను పట్టుకున్నాయి. ఒకటి అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇంకొకటి సంస్కృతంలో పుట్టి ప్రాకృతం మీదుగా వచ్చింది. రెండూ ఒకే మనిషి మీద పడ్డాయి.

మతలబీ సంగతి తొందరగా తేలిపోతుంది. మతలబ్ అంటే ఉద్దేశం. మాటకుండే అర్థాన్నీ మతలబ్ అనే అంటారు. సంస్కృతంలో ‘అర్థం’ కూడా సరిగ్గా ఇంతే: భావమూ అదే, ప్రయోజనమూ అదే. ముందు ‘స్వ’ తగిలిస్తే స్వార్థం. నాంపల్లిలో ఎవరైనా ఖుద్‌గర్జ్ అన్నా అదే కట్టడం: ఖుద్ అంటే తాను, గరజ్ అంటే అవసరం.    

పబ్బం అలాంటిది కాదు, పుట్టుకలో దానికి ఏ పాపమూ తెలియదు. పర్వం అంటే కణుపు. వెదురుకుంటుంది, చెరకుకుంటుంది. భారతానికి 18 ఉన్నాయి. అమావాస్య, పున్నమి కాలానికి కణుపులు. ఆ రోజుల్లో జరిపే వేడుకకూ పర్వమనే పేరు. ప్రాకృతం మీదుగా వచ్చి అది మన ఇళ్ళల్లో పండగా పబ్బమూ.

మరి పండగకు తిట్టెలా అంటుకుంది? నాకు తోచిన దారి ఇది. ఉన్నవాడికి పండగ వస్తుంది, లేనివాడికి వచ్చి మీద పడుతుంది. చేబదులు తెచ్చో, పక్కింటి బియ్యం కొలుచుకునో ఆ పూట దాటిస్తే ‘ఎలాగో పబ్బం గడిచింది’ అనుకుంటారు. ఇక్కడిదాకా అది నిట్టూర్పు. ‘గడిపాం’ అంటే ఇంటిల్లిపాదీ ఉన్నారు. దానికి ‘కొను’ తగిలి ‘గడుపుకున్నాడు’ అనేసరికి విస్తరి ముందు ఒక్కడే మిగిలాడు. బియ్యం కొలిచిన పక్కింటామె గుమ్మం బయటే నిలబడిపోయింది. పాపం, ‘కొను’ను పూర్తిగా తప్పుపట్టలేం. పంచుకోవడంలోనూ అదే ఉంది.

ఈ మాటను ఎవడూ తన మీద వాడుకోడు. నేను పబ్బం గడుపుకుంటున్నానని ఒప్పుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు. అదెప్పుడూ వాడి గురించే, వాళ్ళ గురించే, మరీ కోపమొస్తే నీ గురించి.

ఈ సంభాషణ ఖైరతాబాద్‌లో వినపడటం నాకు తమాషాగా అనిపించింది. కుతుబ్‌షాహీ రాకుమారి ఖైరున్నీసా బేగం పేరున వెలసిన పేట ఇది. పేరు పలుకుతుంటే చెవికి ఖైరాత్, అంటే దానం, తగులుతుంది. అసలు పబ్బానికీ ఇది పెట్టింది పేరు. 1954లో సింగరి శంకరయ్య ఇక్కడ ఒక్క అడుగు వినాయకుణ్ణి నిలబెట్టారు. ఏటా ఇంచుమించు అడుగు చొప్పున ఎదిగి ఆ వినాయకుడు 2014కల్లా 60 అడుగులయ్యాడు, 2024లో 70. ఎవరు మొదలుపెట్టినా అది వీధి పండగ, తర్వాత ఊరి పండగ. ఆ చుట్టూ ఫ్లెక్సీల్లో చేతులు జోడించి నవ్వే ముఖాలను చూసినప్పుడు మాత్రం చాయ్ దుకాణంలోని రెండో మాట గుర్తొస్తుంది.

నిమజ్జనం మర్నాడు అటు వెళ్ళాను. కొబ్బరికాయలు అమ్మే ఆమె మిగిలినవాటిని గోనెసంచిలోకి ఎత్తుతోంది. ఈసారి గిరాకీ ఎలా ఉందమ్మా అని అడిగాను.

“గడిసింది సారూ,” అంది సంచి మూతి కడుతూ.