ఆదివారం మనకి ఊరికే రాలేదు

తెల్లవాళ్ళు చర్చికెళ్తారు కాబట్టి మనకీ ఆదివారం సెలవు దక్కిందని చాలామంది అనుకుంటారు. ఆఫీసుల సంగతి అలా ఉంచండి, బొంబాయి బట్టల మిల్లుల్లో కూలీలకి మాత్రం అది అడిగి, పోట్లాడితే వచ్చింది.

1880ల్లో ఆ మిల్లుల్లో పొద్దు పొడవగానే పని మొదలెడితే పొద్దుగూకేదాకా పనే. ఎండాకాలంలో పగలు పెద్దది కాబట్టి పనీ పెద్దదే! 1881 ఫ్యాక్టరీ చట్టం పిల్లలకి నెలకి నాలుగు సెలవులిచ్చింది గానీ పెద్దవాళ్ళ సెలవు ఊసే ఎత్తలేదు.

అప్పుడు నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన ముందుకొచ్చాడు. జ్యోతిరావు ఫూలే సహచరుడు, దీనబంధు పత్రిక నడిపినవాడు. 1884లో కూలీలని కూడగట్టి 5,500 మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. ఆదివారం పూర్తి సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దుగూకితే పని బంద్.. ఇలా అన్నీ లెక్కగా అడిగారు. వెంటనే ఏమీ రాలేదు. ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్‌లో దాదాపు పదివేల మందితో సభ జరిగింది, అందులో ఇద్దరు ఆడకూలీలు కూడా మాట్లాడారు. జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. 1891 చట్టంలో వారానికో సెలవు చేరింది. మగవాళ్ళ పనిగంటలకి హద్దు మాత్రం 1911 దాకా రాలేదు, అదీ రోజుకి 12 గంటలు!

ఒక్క విషయం గమనించారా? వాళ్ళ మగ్గం మిల్లులోనే ఉండిపోయేది. గేటు దాటితే మనిషి మనిషే. మన మగ్గం జేబులో పడి ఇంటికొస్తుంది. 1999లో బ్లాక్‌బెర్రీ వచ్చింది, 2009లో ఐఫోన్‌కి పుష్ నోటిఫికేషన్లు వచ్చాయి, ఇక గేటన్నదే లేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పనివేళలు దాటాక ఆఫీసుకి అందుబాటులో లేకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లు పెడితే అది చట్టం కాలేదు. 2025లో మళ్ళీ పెట్టారు.

సరే, ఆఫీసు మెయిల్ మూసేశాం అనుకోండి. తర్వాత ఏం చేస్తాం? అదే ఫోన్లో రీల్స్ తెరుస్తాం :) అది విశ్రాంతి అనిపిస్తుంది గానీ, లేచేసరికి తల ఇంకా బరువెక్కుతుంది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ తయారుచేశాడు, తర్వాత తనే బాధపడ్డాడు. పేజీ అయిపోవడం అంటే ఆగడానికి ఒక వంక. ఆ వంక తీసేశారు. మిల్లుకి కనీసం సైరన్ ఉండేది, దీనికి అదీ లేదు. ఇలాంటివాటికి కోడ్ రాసేది కూడా మనమే కదా!

లోఖండే దగ్గర నేర్చుకోవాల్సింది ఆ లెక్కే అని నాకనిపిస్తుంది. "కాస్త రెస్ట్ కావాలి" అంటే ఎవరూ ఇవ్వరు. ఏ రోజు, ఏ గంట అని చెప్పాలి. ఆన్‌కాల్ వంతులేసుకుని, వంతు లేనివాళ్ళని శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా పిలవకూడదని టీమ్ మొత్తం ఒప్పుకోవాలి. మన వంతు లేని ఆదివారం ఒక పూటైనా ఫోన్ బీరువాలో పెట్టాలి. రెండోదానికి ఏ మేనేజరు అనుమతీ అక్కర్లేదు. మరి మనం ఎందుకు చెయ్యం?