వాక్యూమ్ అడ్వాన్సు
పెట్రోలు ఇంజనునందు థ్రాటిల్ కొంతమేరకే తెరచియున్నప్పుడు సిలిండరులోనికి వచ్చు మిశ్రమము పలుచనై మెల్లగా దహించును గనుక, ఆ వేళ స్పార్కును మరికొంత ముందుగా పుట్టించుటకు మానిఫోల్డులోని వాయుశూన్యతనే సాధనముగా జేసికొను ఏర్పాటిది. 1489 సీసీ ఇంజనుగల పాత అంబాసిడరునందు కార్బురేటరునుండి సన్నని గొట్టమొకటి డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న డబ్బీకి పోవును. అందలి డయాఫ్రమ్ శూన్యతచే లాగబడి, పాయింట్లుగల పళ్ళెమును ఇరుసు తిరుగు దిశకు ఎదురుగా త్రిప్పును. ఆక్సిలరేటరును పూర్తిగా నొక్కినంతనే శూన్యత క్షీణించి, స్ప్రింగు ఆ పళ్ళెమును యథాస్థానమునకు జేర్చును. రైళ్ళ వాక్యూమ్ బ్రేకుల నెరిగినవారికి ఈ సూత్రము కొత్త గాదు: అట్టి బ్రేకులుగల రైలునందు శూన్యత నశించిన బ్రేకు పడును, కారునందు స్పార్కు ఆలస్యమగును. డయాఫ్రమ్ చినిగినను కారు నడచుచునే యుండి పెట్రోలు మాత్రము అధికముగా త్రాగును గావున, ఈ లోపము చిరకాలము మరుగుపడియుండుట కద్దు. గొట్టపు కొనను నోటితో పీల్చి, పళ్ళెము కదలునో లేదో చూచుట మిక్కిలి సులభమైన పరీక్ష.