గుద్దేసి వెళ్లిపోయినవాడి లెక్క

హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్కనున్న ఒక ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో ఇరవై రెండేళ్లు బెంచి క్లర్కుగా పనిచేశాను. త్రీ నాట్ ఫోర్ ఏ, అంటే అజాగ్రత్తతో ప్రాణం తీసిన కేసుల వాయిదాలున్న రోజు వరండా రెండుగా చీలేది. ఒక పక్క డ్రైవర్లు, వాళ్ల ఓనర్లు పంపిన గుమస్తాలు. రెండో పక్క పోస్టుమార్టం రిపోర్టు జిరాక్సును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లు. నేను లారీ డ్రైవర్ కూతుర్ని. ఫైలు పట్టుకుని ఆ రెండు గుంపుల మధ్య నుంచి నడవడం నాకు ఏనాడూ తేలిక కాలేదు.

ఆ సెక్షన్ మోటారు బండ్ల కోసం పుట్టింది కాదు. 1837లో మెకాలే రాసిన భారత శిక్షాస్మృతి ముసాయిదాలో అజాగ్రత్త వల్ల జరిగిన చావుకు శిక్ష ఉంది. 1860లో చట్టం అయ్యేసరికి అది జారిపోయింది. పదేళ్ల తర్వాత, 1870లో, 304ఏ అని అంకె పక్కన అక్షరం తగిలించి మళ్లీ చేర్చారు. అప్పుడు రోడ్ల మీద తిరిగినవి ఎద్దుబళ్లూ గుర్రబ్బళ్లే. ప్రమాదకరంగా బండి తోలితే వేసే 279వ సెక్షన్‌లో గుర్రం ఎక్కి పోయేవాడు కూడా ఉన్నాడు. 304ఏకి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఆ రెండేళ్లు 2024 దాకా కదల్లేదు.

ఈ చరిత్రలో తొలినాళ్లలోనే ఒక తెలుగు పేరు కనిపిస్తుంది. 1872లో మద్రాసు హైకోర్టులో నిడమర్తి నాగభూషణం కేసు. దుడుకుతనం వేరు, అజాగ్రత్త వేరు అని జస్టిస్ హాలోవే అందులో విడదీశాడు. కీడు జరగొచ్చని తెలిసి కూడా జరగదులే అన్న ధీమాతో ముందుకు పోవడం దుడుకుతనం. పడాల్సిన జాగ్రత్త పడకపోవడం అజాగ్రత్త. నూట యాభై ఏళ్లుగా మన వకీళ్లు ఆ తేడా మీదే వాదిస్తున్నారు.

ఆ వాదనలు వింటూ నన్ను తొలిచిన ప్రశ్న వేరు. గుద్దిన క్షణానికి చట్టం రెండేళ్లు కట్టింది. మరి ఆ తర్వాత పారిపోయిన అరగంటకో? దానికి 1988 మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ ఉంది. గాయపడినవాడికి వైద్యం అందేలా చూడాలి, ఇరవై నాలుగు గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే మూడు నెలలు లేదా ఐదు వందల రూపాయలు. 2019 సవరణలో అది ఆరు నెలలు లేదా ఐదు వేలు అయింది. రోడ్డు మీద వదిలేసిన ప్రాణానికి ఐదు వందలని రిజిస్టరులో రాసిన ప్రతిసారీ నా చెయ్యి ఆగేది.

1991 వానాకాలంలో మా నాన్న లారీ ఒక సైకిలాయన్ని తగిలింది. రాత్రి ఎనిమిదిన్నర. ఊళ్లోంచి జనం కర్రలతో పరిగెత్తుకొచ్చారు. క్లీనర్ కుర్రాడు ఏడుస్తున్నాడట. నాన్న బండి ఆపలేదు. తిన్నగా ముందున్న పోలీస్ స్టేషన్‌కి పోయి, తాళాలు బల్ల మీద పెట్టి, మనిషి రోడ్డు మీద పడున్నాడు, ముందు జీపు పంపండని బతిమాలాడు. ఆ సైకిలాయన కాలు విరిగింది గానీ బతికాడు. నాన్న మాత్రం చాలాకాలం అన్నం ముందు కూర్చుని ఊరికే లేచిపోయేవాడు. గుంపు కోపం వల్ల సాయం చేయలేకపోవచ్చన్న మాట మోటారు వాహనాల చట్టంలోకి 1994 సవరణలో గానీ రాలేదు.

నాన్న అక్కడి నుంచి వెళ్లిపోవడాన్నీ ఇంకొకరు వెళ్లిపోవడాన్నీ నేను ఒకే గాటన కట్టలేను. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీ లోధీ కాలనీలో పోలీసు తనిఖీ దగ్గర ఒక విదేశీ కారు ఆరుగురిని బలితీసుకుంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు పోలీసులు. కారులోవాళ్లు కొంతదూరంలో ఆగి, దిగి, చూసి, వెళ్లిపోయారు. కింది కోర్టు 2008లో కారు నడిపినవాడికి ఐదేళ్లు వేసింది. మరుసటేడు హైకోర్టు దాన్ని 304ఏ కిందికి దించి రెండేళ్లు చేసింది. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు నేరాన్ని మళ్లీ పెద్ద సెక్షన్‌కి, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పనికి వేసే 304 రెండో భాగానికి ఎక్కించింది. జైలు మాత్రం అనుభవించిన రెండేళ్లే చాలంది. యాభై లక్షలు కట్టమని, రెండేళ్లు సమాజసేవ చేయమని చెప్పింది. నేరం పేరు మారినా శిక్ష ఎందుకు పెరగలేదో నాకు మింగుడుపడలేదు.

పాత శిక్షాస్మృతి స్థానంలో 2023 డిసెంబరులో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో పాత రెండేళ్లను ఐదు చేసింది. రెండో ఉపసెక్షన్‌లో, బండితో ప్రాణం తీసి, వెంటనే పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అంది. పారిపోవడానికి తొలిసారిగా దాని బరువుకు తగ్గ అంకె పడింది. దాన్ని వ్యతిరేకిస్తూ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో 2024 జనవరి మొదటి రెండు రోజులు లారీలు, ట్యాంకర్లు ఆగిపోయాయి. రెండో తారీఖున హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బళ్లు బారులు తీరాయి. ఆ రాత్రే కేంద్ర హోం శాఖ, లారీ సంఘంతో మాట్లాడాకే ఆ నిబంధన అమలు చేస్తామంది. జూలై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు.

ఆ సమ్మె రోజుల్లో నాన్న పాత స్నేహితులు ఫోన్ చేసి, కోర్టులో చేసినదానివి కదా అమ్మా, నిజంగా పదేళ్లేనా అని అడిగారు. స్టేషన్‌కి పోయి చెప్పినవాడికి అది వర్తించదని ఒక్కొక్కరికీ చదివి వినిపించాను. స్టేషన్ దాకా పోనిస్తారా తల్లీ అన్నాడొకాయన. నాన్నని ఆ రాత్రి పోనిచ్చిన రోడ్డు ఇరవై కిలోమీటర్లు ఖాళీగా ఉందని చెప్పాను.