కోతి, నాచు: పేర్ల వెనుక మరుగుపడిన జాతుల చరిత్ర

ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ వద్ద, 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. ఉంది. అంతరించిపోతున్న జీవజాతుల కోసం ఆ సంస్థ అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాలను నడుపుతోంది. శాస్త్రం ఇంత చేరువలో ఉన్నా, ఉప్పల్, నాచారం ప్రాంతాల కోతుల చరిత్ర రాయబూనితే తొలి చిక్కు భాషలోనే ఎదురవుతుంది.

తెలుగు కొండముచ్చును వేరు చేసింది గాని, బానెట్ కోతినీ రీసస్ కోతినీ ఒకే 'కోతి'గా పిలిచింది. నెత్తిన టోపీలా వెంట్రుకలు పరచుకొన్న, పొడవాటి తోక గల బానెట్ కోతి దక్షిణ భారతానికే పరిమితమైన జాతి. పొట్టి తోక, ఎర్రని పిరుదులు గల రీసస్ ఉత్తరాదిది. తూర్పున గోదావరి, పడమట తపతి వీటి పాత సరిహద్దులు. ఆ లెక్కన హైదరాబాదు బానెట్ కోతి నేల. రీసస్ కోతులు ఆ సరిహద్దు దాటి దక్షిణానికి వ్యాపించాయని రిషి కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో చూపారు. పట్టిన కోతులను మరోచోట వదిలే మన అలవాటుకూ ఇందులో పాత్ర ఉంది. 2008లో ఐ.యు.సి.ఎన్. జాబితాలో ఆందోళన అక్కరలేనిదిగా ఉన్న బానెట్ కోతి, 2020 నాటికి ముప్పునకు లోనయ్యే జాతుల్లో చేరింది. ఒక కోతి పోయిన చోట మరో కోతి కనిపిస్తుండటంతో ఈ నష్టం సామాన్యుల దృష్టికి రాలేదు.

అదే వర్గంలో టకాకియా సెరటోఫిల్లా అనే హిమాలయ నాచు కూడా ఉంది. (నాచారం పేరుకూ నాచుకూ చుట్టరికం కలపడం ఇక్కడ నా ఉద్దేశం కాదు.) 1861లో మిట్టెన్ దీనిని లివర్‌వర్ట్‌గా, అంటే నాచుకు దూరపు బంధువుగా, వర్ణించాడు. అల్యూషియన్ దీవుల్లో దీని బీజాశయాలు దొరికాక, 1993లో గాని ఇది నిజమైన నాచుగా గుర్తింపు పొందలేదు. కోతికి మన వాడుక పేరు అడ్డయితే, దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే అడ్డయింది.

మౌఖిక చరిత్ర సేకరించే పరిశోధకులకు ఈ పోలిక వల్ల ఒక ఆచరణాత్మక ప్రయోజనం ఉంది. "మా చిన్నప్పుడూ ఇక్కడ కోతులుండేవి" అనే సాక్ష్యం ఏ జాతినీ నిరూపించదు. తోక ఎంత పొడవు, నెత్తిమీద జుట్టు ఎలా ఉండేది అని వృద్ధులను అడగాలి. తేదీ గల పాత ఫోటోలు ఇంకా మేలు. నాచు విషయంలో జ్ఞాపకం సాయపడదు. అక్కడ ఎండబెట్టి, సేకరించిన చోటు రాసి భద్రపరచిన నమూనాయే ఆధారం.