దుమ్ము, పొగను తట్టుకునే పెరటి మొక్కలు: ఎంపిక, జాగ్రత్తలు

హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా, శ్రీశైలం రోడ్డులో వెల్దండ వంటి చోట్ల రోడ్డు పక్క ఇళ్లకు దుమ్ము, లారీల పొగ తప్పవు. సరైన మొక్కల వరుస ఉంటే దుమ్ము కొంత ఆకులపైనే ఆగుతుంది. కానీ పొగను తట్టుకునే ప్రతి మొక్కా పశువులున్న ఇంటికి పనికిరాదు.

ఏ మొక్క తట్టుకుంటుంది?

దుమ్ము పేరుకుంటే ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, ఎండ సరిగా అందదు. ఆకులోని నీటి శాతం, పత్రహరితం, విటమిన్ సి, ఆకురసం ఆమ్లగుణం చూసి మొక్క తట్టుకునే శక్తిని శాస్త్రవేత్తలు లెక్కకడతారు.

అనువైన మొక్కలు

• వేప, కానుగ: నీటి ఎద్దడిని తట్టుకుంటాయి. కానుగ ఎర్ర చల్కలోనూ, నల్లరేగడిలోనూ పెరుగుతుంది. వేపలో కొమ్మలు ఎండితే ఎండిన భాగాన్ని కత్తిరించి కాల్చివేయాలి.
• మామిడి: దట్టమైన ఆకు దుమ్మును ఆపుతుంది.
• కాగితపు పూలు, గోరింట: కంచెకు బాగుంటాయి.
• రావి, మర్రి: వేర్లు గోడలను దెబ్బతీస్తాయి. ఊరుమ్మడి స్థలంలో నాటాలి.

గన్నేరుతో జాగ్రత్త

గన్నేరు పొగను బాగా తట్టుకుంటుంది. కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే, ఎండినా విషం పోదు. మేకలు, గొర్రెలు, పశువులు తిరిగే చోట నాటరాదు. కత్తిరించిన కొమ్మలను పశువుల ముందు వేయరాదు. పొరపాటున తింటే వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

నాటే పద్ధతి

• తొలకరి వానలు పడ్డాక 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత తీసి, చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి నాటాలి.
• రోడ్డు వైపు చెట్లు, లోపల కంచె మొక్కలు, ఆ తర్వాతే కూరగాయలు ఉండాలి. ఆకుకూరలను రోడ్డుకు దూరంగా వేసి, బాగా కడిగి వండాలి.
• కరెంటు తీగల కింద ఎత్తుగా పెరిగే చెట్లు వద్దు.
• వానలు లేని నెలల్లో ఆకులపై అప్పుడప్పుడు నీళ్లు చల్లి దుమ్ము కడగాలి.

మొక్కల కోసం ముందుగా గ్రామ పంచాయతీ నర్సరీలో అడగాలి. తెగుళ్లపై సలహాకు పాలెం కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.